వరస చెప్పే మనిషి

మా నాయనకు తొంభై రెండేళ్లు. గుడియాత్తంలో మా ఇంట్లోనే ఉంటాడు. ఏడాదిగా తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు. వేలూరు తీసుకెళ్తే డాక్టరమ్మ, ఒంట్లో జబ్బేమీ లేదు, మనసే కుంగిపోయిందని మాత్రలు రాసింది. రోజంతా ఏం చేస్తాడని అడిగింది. పూచికపుల్ల కూడా కదపనివ్వమని గొప్పగా చెప్పాను. ఆమె నా వైపు అదోలా చూసింది. నాకు ఒళ్లు మండింది. కన్నతండ్రిని కొడుకు కూర్చోబెట్టి చూసుకోవడం కూడా తప్పేనా?

తరతరాలుగా తమిళ నేల మీద ఉన్న తెలుగు కుటుంబాలం మేము. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ మాలో మాకే. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరి మధ్య పెళ్లి కూడదో ఒకప్పుడు అందరూ మా నాయననే వచ్చి అడిగేవాళ్లు. పెద్దాయనను విసిగించొద్దని వాళ్లను గుమ్మంలోనే పంపేయడం మొదలుపెట్టింది నేనే.

ఈ మధ్య మా అమ్మాయికి తిరువలం ఊరి సంబంధం చూశాం. ఇంటిపేర్లు వేరు, జాతకాలు కలిశాయి. నాయనకు ఖాయమైందని చెప్పి ఊరుకున్నాం. ఆయన తలూపాడు. తాంబూలాలు వారంలో ఉన్నాయనగా వాళ్ల వైపు ఒక ముసలామె అడ్డం పడింది. ఆ అబ్బాయి తండ్రి వైపు తాతను కన్నతల్లి, మా నాయనను కన్నతల్లి సొంత అక్కచెల్లెళ్లట. అంటే అబ్బాయి మా పిల్లకు వరసకు అన్న. సంబంధం ఆగిపోయింది.

నాయనకు చెబితే ఆశ్చర్యపోలేదు.

"తెలుసప్పా. ఎవురన్నా అడిగితే గదా చెప్పేది. నా మాటతో మీకేం పని ఉండాదిలే అనుకుంటి."

కోపం రావాల్సింది, భయమేసింది. మనవరాలి బతుకు విషయంలో కూడా నోరు విప్పనంత దూరం పోయాడు మా నాయన. పంపింది నేను.

మర్నాడు నోటుబుక్కు తీసుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని చుట్టరికాలన్నీ తమిళ అక్షరాల్లో రాద్దామనుకున్నాను. ఒక్కొక్కరి వరస చెప్పమని అడిగితే ఆయన అనుమానంగా చూశాడు.

"నాకు పొద్దుపోవాలని అడగతా ఉండావా?"

"కాదు నాయనా. పిల్లకు మళ్లా సంబంధం చూడాల. నాకేమీ తెలీదు."

మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక్కో పేరూ, వరసా చెప్పడం మొదలుపెట్టాడు. నేను రాసింది పైకి చదువుతుంటే మూడో పేరుకే చెయ్యెత్తి ఆపాడు.

"అరవై ఏండ్లొచ్చినాయి, మేనత్త ఎవురో పెద్దమ్మ ఎవురో తెలీదు నీకు. కొట్టేసి సరిగ్గా రాయి."

ఏడాది తర్వాత మా నాయన నన్ను తిట్టాడు. సంతోషంతో కళ్లు నిండిపోయి, ఎక్కడ కొట్టేయాలో నాకు కనపడలేదు.