వాసుకికి ఏ ముడి వేశారు?

మా జిల్లాలో శంకుస్థాపన రాయి మీద పేరు చెక్కించుకున్న ప్రతి పెద్దమనిషికీ ఎవరో ఒకరు జీవిత చరిత్ర రాసిపెట్టారు. చిన్నపోలయ్యకు ఎవరూ రాయలేదు. అది నాకు మొదటినుంచీ కంటగింపుగానే ఉంది. పైగా ఒకసారి పదిమందితో కలిసి నేనూ అతణ్ణి చూసి నవ్వాను. ఆ తప్పు కూడా ఇక్కడే ఒప్పుకోవాలి.

1957లో నేను అల్లూరుకు తూర్పున, ఉప్పుకాలువ దాటాక వచ్చే పట్టపుపాలెంలో, అంటే చేపలు పట్టి బతికే పట్టపువాళ్ళ పల్లెలో, బడిపంతులుగా చేరాను. నాది మాగాణి ఊరు. నీళ్ళంటే నాకు వరిమడిలో మోకాటిలోతు నీళ్ళే తెలుసు. పాలెంలో నాకు మొదట మచ్చికైన మనిషి పోలయ్య. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా ఉండేవాడు. మొలతాడుకు ఎప్పుడూ ఒక మేకపోతు కొమ్ము వేలాడేది. దాని మొన అరగదీసి సూదిగా చేసుకున్నాడు. తాడు బిగుసుకుపోయినప్పుడు ఆ మొన దూర్చి వదులు చేసేవాడు.

వాళ్ళ తెప్పంటే పడవ కాదు. నాలుగు దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టేదే తెప్ప. వేకువన కడతారు, సముద్రంలోంచి వచ్చాక విప్పి దుంగల్ని ఎండబెడతారు. లేకపోతే అవి నీళ్ళు తాగి బరువెక్కుతాయి. అంటే రోజూ కట్టాలి, రోజూ విప్పాలి. "విప్పను చేతగాని ముడి ముడే కాదు అయ్యోరూ, అది చిక్కు" అనేవాడు పోలయ్య. నేను తలూపేవాణ్ణి గానీ, ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు.

కాలువకు పడమటి గట్టున జనార్దనస్వామి గుడి ఉంది. ధర్మకర్త చెంచురామయ్య వంద ఎకరాల ఆసామి, గొంతు మాత్రం రెండువందల ఎకరాలకు వినపడేది. ఏటా వైశాఖంలో గుడి ముందు పందిరి వేసి, సాయంత్రం పూట పద్మనాభయ్యగారి చేత భాగవతం చెప్పించేవాడు. రైతులు పందిట్లో చాపల మీద, పాలెం వాళ్ళు పందిరి బయట ఇసకలో కూర్చునేవాళ్ళు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. పంతుల్ని కాబట్టి నాకు చాప దొరికింది, నేనూ అడగలేదు.

1958 వైశాఖంలో మత్స్యావతారం వచ్చింది. సత్యవ్రతుడి దోసిట్లో పడ్డ చిట్టిచేప చెంబు పట్టక, బావి పట్టక, మడుగు పట్టక సముద్రమంత పెరిగే కథ. పాలెం ఆడవాళ్ళ ముఖాలు చూడాలి అప్పుడు! "దేవుడు మొదట మన చేపగానే పుట్టినాడు, తర్వాతే మిగతాయన్నీ" అని పోలయ్య పెళ్ళాం కామమ్మ పక్కవాళ్ళకు గర్వంగా చెప్పింది. ప్రళయం వచ్చింది. సప్తరుషులూ సకల విత్తనాలూ ఎక్కిన ఓడను, వాసుకి అనే మహాసర్పాన్ని తాడుగా చేసి, ఆ చేప కొమ్ముకు కట్టారు. పద్మనాభయ్యగారు ఆగి అంతరార్థం చెప్పారు: "ఓడ అంటే ఈ దేహం. కొమ్ము అంటే భగవంతుడు. వాసుకి అంటే భక్తి. భక్తి అనే తాడుతో దేహాన్ని భగవంతుడికి కట్టుకున్నవాడికి ప్రళయభయం లేదు."

అందరూ చేతులు జోడించారు. ఇసకలోంచి పోలయ్య లేచాడు.

"సామీ, ఒక మాట. ఏ ముడి వేసినారు?"

"ఏమిటీ?"

"కొమ్ముకు ఏ ముడి వేసినారు సామీ? కొమ్ము నున్నగా ఉంటాది, మామూలు ముడి జారిపోతాది. ఉరిముడి వేస్తే వాసుకి పానం పోతాది, పామైనా ఆయనా దేవుడే గదా. పీటముడి వేస్తే ప్రళయం తగ్గినాక విప్పేదెట్ట? విప్పకపోతే మనమంతా ఇంకా ఆ ఓడలోనే ఉండాల. పుస్తకంలో ఉంటే చెప్పండి సామీ."

చెంచురామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే పోలయ్యా, దేవుడికి తాడు పేనిపెడతావంట్రా నువ్వు?" పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. పద్మనాభయ్యగారికి చిరాకొచ్చింది. "భగవత్కథలో ముడులు వెతికేవాడికి మోక్షం ఎక్కడిదయ్యా? కూర్చో" అన్నారు. పోలయ్య కూర్చున్నాడు.

ఆనాటినుంచి అతని పేరు వాసుకి పోలయ్య. అల్లూరు సంతలో కామమ్మ చేపలగంప దించితే చాలు, "ఏమ్మా, మీ ఆయనకు ముడి దొరికిందా?" అనేవాళ్ళు. ఆమె ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడేది. "ఏందయ్యా నీకీ తిక్క? సంతంతా నన్ను చూసి నవ్వతా ఉండారు!"

"ఎగతాళికి అడగలేదే నేను. నాకు తెలియాల" అనేవాడు పోలయ్య.

నవ్వినందుకు అతనికి బాధ లేదు. భక్తితో అడిగింది వెకిలితనం అనుకున్నారే, అదీ అతని బాధ. ఒకరోజు నాతో అన్నాడు: "భక్తే తాడని సామి చెప్పినాడు గదా అయ్యోరూ. తాడుంటే చాలదు, కట్టను రావాల." నేను బీయే చదివాను. ఆ మాట ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

నాలుగేళ్ళు అతను ఆ ముడి వెతికాడు. గుడిసె ముందు ఒక తాటిమొద్దు పాతి, కొమ్ములాగా పైకి సన్నగా చెక్కి, దానికి చేపనూనె పూసి, మెత్తటి పాత తాడుతో కట్టి చూసేవాడు. జారేది. మళ్ళీ కట్టేవాడు. చివరికి కుదిరింది. రెండు చుట్లు చుట్టి, మూడోది వాటి మీదుగా అడ్డంగా తెచ్చి, కొసను మడిచి కిందికి దూర్చేవాడు. ఎంత లాగితే అంత పట్టేది, తాడు మాత్రం నలిగేది కాదు. కొస లాగితే విడిపోయేది. ఏటా వైశాఖంలో పురాణానికి వెళ్ళి అదే ఇసకలో కూర్చునేవాడు గానీ మళ్ళీ నోరు విప్పలేదు. "సామే ఒకరోజు అడగాల. అప్పుడు చెప్తా" అన్నాడు నాతో. నేను జాలిపడ్డాను. పద్మనాభయ్యగారు ఒక పట్టపువాణ్ణి పిలిచి అడగడమా!

1962 వైశాఖ పౌర్ణమికి చెంచురామయ్య స్వామికి తెప్పోత్సవం తలపెట్టాడు. రెండు సరుకు పడవల్ని జోడించి, పలకలు పరిచి, మీద మంటపం కట్టించాడు. పనివాళ్ళు బయటి ఊళ్ళనుంచి వచ్చారు. పాలెం వాళ్ళు తెప్పను ముట్టకూడదనీ, అవతలి గట్టున నిలబడి దణ్ణం పెట్టుకోవాలనీ చాటించారు. పుట్టిందగ్గర్నుంచీ తెప్పలు కట్టేవాళ్ళకు దేవుడి తెప్ప అంటరానిదైంది! నాకు ఒళ్ళు మండింది, కానీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం పోటు మీద స్వామి మూడు చుట్లు తిరిగాడు. తెప్పను రేవుగుంజకు కొత్త కొబ్బరితాడుతో, బిగించి, పీటముడి వేసి కట్టేశారు. అర్చన, నైవేద్యం సాగుతున్నాయి. ఉప్పుకాలువకు పౌర్ణమినాడు ఆటు ఎక్కువ. నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది. తడిసిన తాడు బిగిసింది. గుంజవైపు తెప్ప తాడుకు వేలాడింది, అవతలివైపు నీళ్ళతో పాటు దిగింది. చూస్తుండగానే మంటపం ఒరిగింది. ఎక్కే పలక జారి కాలువలో పడింది. తెప్ప మీద స్వామి, అర్చకుడు, పద్మనాభయ్యగారు. ఆయన ఒక చేత్తో స్తంభాన్నీ, ఒక చేత్తో స్వామి పీఠాన్నీ పట్టుకుని కదలకుండా ఉండిపోయారు.

పనివాళ్ళు ముడి పీకారు, రాలేదు. "కత్తి తెండిరా!" అని చెంచురామయ్య అరిచాడు.

"కొయ్యబాకండయ్యా!" అవతలి గట్టునుంచి కేక. "కోస్తే ఒక్కసారిగా పడతాది, స్వామి నీళ్ళలోకి పోతాడు!" పోలయ్య భుజాన తాడుతో అప్పటికే కాలువలోకి దూకాడు.

"ఒరే, ముట్టుకోబాకరా!" అన్నాడు చెంచురామయ్య.

తెప్ప మీంచి పద్మనాభయ్యగారు అరిచారు, ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది: "ముట్టుకోనీ! అతణ్ణి ముట్టుకోనీ!"

పోలయ్య తన తాడు ఒక కొస తెప్ప దూలానికి కట్టాడు. రెండో కొస తెచ్చి గుంజకు రెండు చుట్లు వేశాడు. అతని వెనకే ఈదొచ్చిన పాలెం మగవాళ్ళు ఆరుగురు ఆ తాడు పట్టి లాగారు. బరువు పోలయ్య తాడు మీదికి మారి, కొబ్బరితాడు వదులైంది. మొలలోంచి కొమ్ము తీసి పీటముడిలోకి దూర్చాడు. ముడి విడింది. తర్వాత గుంజ మీది చుట్లను జానెడు జానెడు వదిలాడు. మంటపం నిదానంగా నిటారుగా దిగి నీళ్ళ మీద కూర్చుంది. అప్పుడు మూడో చుట్టు అడ్డంగా తెచ్చి, కొస దూర్చి, దణ్ణం పెట్టాడు. రెండు గట్లూ ఒక్కసారి గోవింద కొట్టాయి. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

పద్మనాభయ్యగారు ఒడ్డుకు దిగి గుంజ దగ్గరికి నడిచారు. వంగి ఆ ముడిని వేలితో తడిమారు.

"పోలయ్యా, ఏ ముడి ఇది?"

"అదే సామీ. నాలుగేళ్ళ కిందట మిమ్మల్ని అడిగినానే, అది."

మరుసటేడు వైశాఖంలో పురాణం మళ్ళీ మత్స్యావతారం దాకా వచ్చింది. ఓడ వచ్చింది, వాసుకి వచ్చాడు. పద్మనాభయ్యగారు కళ్ళజోడు తీసి పందిరి బయటికి చూశారు.

"పోలయ్యా, ఇట్లా లోపలికి రా. గ్రంథంలో ముడి పేరు లేదయ్యా. నేను వెతికాను. నువ్వే చెప్పాలి." కుడిచెయ్యి ముందుకు చాచారు. "ఇది కొమ్ము." భుజం మీది ఉత్తరీయం తీసి ఇచ్చారు. "ఇదిగో వాసుకి. కట్టు."

పోలయ్య చేతుల ఇసక దులుపుకున్నాడు. "తాకొచ్చునా సామీ?"

"తెప్ప మునుగుతుంటే అడిగావా? కట్టు."

రెండు చుట్లు వేసి, మూడోది అడ్డంగా తెచ్చి, కొస దూర్చాడు. ఉత్తరీయం రెండో చివర పోలయ్య పట్టుకుంటే, ఆయన చెయ్యి వెనక్కి లాగి చూసుకున్నారు. ముడి పట్టింది. ఇసకలో కామమ్మ లేచి నిలబడి, "చూసినారా అమ్మా? అదీ ముడి!" అని సంతకు వచ్చే ఆడవాళ్ళందరికీ వినపడేలా అరిచింది. అందరికన్నా గట్టిగా గోవింద కొట్టింది మాత్రం చెంచురామయ్యే.

పోలయ్య ముడిలో దూర్చిన కొస పట్టుకున్నాడు. "విప్పమంటారా సామీ?"

"ఉండనీవయ్యా. ప్రళయం ఇంకా తగ్గలేదు. ఇక్కడే, నా పక్కన కూర్చో" అని పద్మనాభయ్యగారు కట్టుతోనే కథ అందుకున్నారు. కుడిచెయ్యి కట్టులో ఉంది కదా, పుట తిప్పమని నన్ను పిలిచారు. నేను వెళ్ళి తిప్పాను.