నర్సప్ప మెడలో మాల

తొంభైల మొదట్లో నేను శక్తినగర్‌లో, థర్మల్ ప్లాంటు చిమ్నీలు కనిపించే ఓ చిన్న ఆసుపత్రిలో నర్సును. వెనక రేకుల షెడ్డులో ప్రతి గురువారం తాగుడు మానాలనుకునేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించేదాన్ని. మొదట్లో చాలా గురువారాలు నేనూ, బెంచీలూ, దేవుడూ. అయినా షెడ్డు తాళం తీయడం మానలేదు.

అలా వచ్చినవాడే నర్సప్ప, ప్లాంటులో బూడిద ఎత్తే కూలీ. మందు ఆపిన తొలిరోజుల్లో పట్టే వణుకూ చెమటా పీడకలలూ, వాటిని మేం విత్‌డ్రాయల్ అంటాం. ఆ గండం రెండుసార్లు పక్కనుండి దాటించాను. రెండుసార్లూ రిలాప్స్, అంటే మళ్లీ సారా ప్యాకెట్టే. ఇంకోసారి తాగితే కాలేయం తట్టుకోదని డాక్టరుగారు అతని భార్య ఈరమ్మకు చెప్పేశారు.

ఆ కార్తీకంలో నర్సప్ప నల్లబట్టలతో, మెడలో అయ్యప్ప మాలతో ఎదురయ్యాడు.

"మందు బంద్ జేసిన సిస్టరమ్మా. స్వామి ఆపిండు."

నాకు ఒళ్లు మండిపోయింది. వణికే చెయ్యి పట్టుకున్నది నేను, పేరు స్వామికి! మాల వేసిన గురుస్వామి శంకరయ్యకు బజార్లో సైకిల్ షాపు. నా బెంచీల మీదున్న నలుగురూ అతని భజనకే పోయారు. అతని షాపు ముందునుంచి పోవడం కూడా మానేశాను.

"మాల ఉన్నన్నాళ్లే గీ భక్తి" అన్నాను ఈరమ్మతో అక్కసుగా.

"నాకూ గదే భయం అమ్మా. పోయినేడు మా మరిది మాల తీసిన్నాడే సారా దుకాణానికి పోయిండు. మాల మీదున్నప్పుడు అందరు స్వామీ అని మొక్కుతరు. తీసినంక అరే తాగుబోతా అంటరు" అని ఏడ్చింది.

ఇక ఉండబట్టలేక శంకరయ్య దగ్గరికి నేనే వెళ్లాను.

"మాల తీసినంక వీళ్లు యాడికి పోతరు?"

"ఇండ్లకు పోతరు. ఇంకేడికి?"

"ఇండ్లకు గాదు, నా షెడ్డుకు తోల్కరా. ఆడనే తియ్యి."

శంకరయ్య సరేనన్నాడు. శబరిమల నుంచి తిరిగొచ్చాక దీపం పెట్టి, మా షెడ్డులోనే మాలలు తీశాడు. తీసిన మరుక్షణం నేను గ్లాసు అందించి, "నర్సప్ప స్వామీ, ఛాయ్ తాగు" అన్నాను. అతని కళ్లు చెమర్చాయి. అప్పటినుంచి మా షెడ్డులో అందరూ స్వాములే, తర్వాత చేరిన మహబూబ్ స్వామితో సహా.

నర్సప్ప మళ్లీ తాగలేదు. తర్వాత అరకేర, గోరేబాళ ఊళ్లలో కూడా ఇలాంటి గురువారాలు మొదలయ్యాయి. ప్రతిచోటా ముందు మాట్లాడేది అతనే.

"నన్ను స్వామి ఆపిండు. సిస్టరమ్మ ఛాయ్ పోసింది."

అందరూ చప్పట్లు కొడతారు. శంకరయ్య మీసం చాటున నవ్వుతాడు.

పేరు ఎవరికి పోయినా మనిషి నిలిస్తే చాలని నాకు నేర్పింది నర్సప్పే. నేర్చుకున్నానే గానీ, ఆ మాట విన్నప్పుడల్లా కడుపు మండుతూనే ఉంటుంది. ఆ మంటతోనే అతనికి ఇంకో గ్లాసు పోస్తాను.