ఎక్స్‌ప్రెస్ అక్క మూడు సెకన్లు

స్టూడియోలో ఆమెను అందరూ ఎక్స్‌ప్రెస్ అక్క అంటారు. మందు ప్రకటనలో ఆటాపాటా అయిపోయాక, చివర్లో ఎవరో తరుముకొస్తున్నట్టు ఒక గొంతు వినిపిస్తుంది చూడండి: "మద్యాన్ని బాధ్యతగా సేవించండి, క్షేమంగా ఇల్లు చేరండి." ఆ గొంతు ఈవిడదే. పాటకు, నవ్వులకు, గ్లాసులో ఐసుముక్కల చప్పుడుకు బోలెడంత చోటిస్తారు. ఈ వాక్యానికి మాత్రం మూడు సెకన్లు. పేరున్న గొంతులెన్నో "సేవించండి" దగ్గరే బోల్తా పడ్డాయి. ఈవిడ అద్దాల గదిలో చెప్పులు విడిచి, మైకు ముందు గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఇల్లు" దగ్గర గొంతు కాస్త ఎత్తి, ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తుంది. అద్దానికి అవతల రికార్డింగ్ చేసేవాడు బొటనవేలు పైకెత్తుతాడు. సగం బతుకు ఆ పనిలోనే గడిచింది. ఆ వాక్యాన్ని ఎవరైనా వింటారని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మేనకోడలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తల్లి లేని పిల్ల, ఈవిడ చేతుల్లోనే పెరిగింది. ఒక ఆదివారం తన పుట్టినరోజని ఐదుగురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చింది. కూల్‌డ్రింకులేలే అత్తా, అంది. సంచిలో సీసాలు గలగలమన్నా ఈవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఎక్కడో దొంగచాటుగా తాగేకన్నా ఇంట్లో నయమనుకునే రకం. అది తప్పో ఒప్పో మీరే తేల్చుకోండి.

సాయంత్రం మంచినీళ్ల కూజా పట్టుకుని మేడమీద పిల్లలున్న గదికి వెళ్తుంటే, తలుపు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. లోపల తన గొంతు వినిపిస్తోంది. ఆరుగురూ కలిసి తన వాక్యాన్నే అంటున్నారు. అదే వేగం, మొదట్లో అదే గాలి పీల్చడం, "ఇల్లు" దగ్గర అదే ఎత్తు. పాఠం అప్పజెప్పమంటే నీళ్లు నమిలే పిల్లలు, ఎవరూ నేర్పని మాటను పొల్లు పోకుండా ఎలా పట్టేశారు? అద్దాల గదిలో వదిలేసిన తన ఊపిరి ఎన్ని ఇళ్లు తిరిగి ఈ గదికొచ్చిందో తలుచుకుంటే నమ్మశక్యం కాలేదు. కళ్లు చెమర్చాయి.

వెంటనే గ్లాసులు ఖంగుమన్నాయి.

"ఏంటే అది?" అంది లోపలికొచ్చి.

"అది అనకుండా ఎవరూ గుటక వెయ్యకూడదత్తా, మా రూలు," అంది మేనకోడలు. "అచ్చం నీలాగే అనాలి. తడబడితే మళ్లీ మొదట్నుంచి."

"అనేస్తే?"

"అనేస్తే ఇంక బాధ్యత తీరిపోయినట్టే కదా."

ఆవిడ కూజా కిందపెట్టింది. అసలు బాధ్యతగా అంటే మీకేం అర్థమైందో చెప్పండర్రా, అంది. పక్కవాడి మీద వాంతి చేసుకోకపోవడమన్నాడు కళ్లజోడబ్బాయి. పడిపోయిన స్నేహితురాలిని వదిలి వెళ్లకపోవడమంది ఒకమ్మాయి. కొన్న సీసా పారబోయకుండా ఖాళీ చెయ్యడమన్నాడు ఇంకొకడు, వేళాకోళానికి కాదు, నిజంగానే. ఒక్క గుక్కలో తోసేసిన మాటలో ఇన్ని అర్థాలు మొలిచాయా అని ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"ఎన్ని పెగ్గులేసినా బండి తిన్నగా నడపడం ఆంటీ," అన్నాడు పొడుగబ్బాయి, వేలికి తాళంచెవి తిప్పుతూ. మేనకోడలు హాస్టలుకు వెళ్లాల్సింది వాడి బండి మీదే.

ఆవిడ చూపు ఆ తాళంచెవి మీదే నిలిచింది.

"మరి నువ్వు చెప్పత్తా, ఎంత తాగితే బాధ్యత?"

ఆవిడ ఆ వాక్యాన్ని మనసులోనే మొదట్నుంచి చివరిదాకా వెతికింది. చేతికిచ్చిన కాగితంలో అది ఎప్పుడూ లేదు, ఈవిడా అడగలేదు.

"నాకు తెలీదమ్మా," అంది చివరికి. "రాసినవాళ్లు చెప్పలేదు. గబగబా చెప్పమన్నారు, చెప్పాను. నాకు తెలిసిందల్లా ఆ రెండో సగమే. నువ్వు క్షేమంగా చేరాలి. వీడి బండెక్కావంటే నాకు ఊపిరాడదు."

తర్వాత ఆ వాక్యాన్ని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మెల్లగా ఒక్కొక్క మాటే చెప్పింది. "ఇల్లు" దగ్గర గొంతు పైకి లేవలేదు, వణికింది.

"ఇలా చెప్తే వేరేగా ఉంది ఆంటీ," అని పొడుగబ్బాయి తాళంచెవి తీసి కూజా పక్కన పెట్టాడు.

వాళ్లు నడుచుకుంటూ బస్టాపుకు బయల్దేరారు. ఆవిడ పిట్టగోడ పట్టుకుని చూస్తోంది. వీధిలో మళ్లీ అదే వాక్యం అందుకున్నారు, ఈసారి అడుగుకొక మాట. పొడుగబ్బాయి తూలాడు. మేనకోడలు వాడి భుజం పట్టి నిలబెట్టింది. తడబడితే మొదట్నుంచే కదా, ఆరుగురూ ఆగి, "మద్యాన్ని" అంటూ మళ్లీ మొదలుపెట్టారు. మరో నాలుగడుగులకు ఇంకెవరో తూలారు. మళ్లీ ఆగారు. మూడు సెకన్ల మాట ఇంత పొడుగుంటుందని తెలియని ఎక్స్‌ప్రెస్ అక్క నోరెళ్లబెట్టి నిలబడిపోయింది. వీధి మలుపు తిరిగేసరికి వాళ్లింకా "ఇల్లు" దాకా రాలేదు.