చట్టం చెప్పడానికి వెళ్లి స్టూల్ మీంచి పడ్డాను

పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఎలా అడగాలో కార్మికులకు చెప్పడానికి ఈ రోజు మా లా కాలేజీ వాలంటీర్లం గ్రేటర్ నోయిడా వెళ్లాం. బ్యానర్ కడుతూ నేనే స్టూల్ మీంచి పడ్డాను. చీలమండ వాచింది. ప్రెస్ మెషీన్‌లో రెండు వేళ్లు పోగొట్టుకున్న శ్రీకాకుళం నుంచి పనికొచ్చిన సింహాచలం గారు ఎక్కడినుంచో ఐసు తెచ్చి పెట్టారు.

"పని చేస్తూనే కదమ్మా పడ్డావు. మరి నీకెవులిస్తారు పరిహారం?"

"ఎవరూ ఇవ్వరంకుల్. మేం వాలంటీర్లం. చట్టం ప్రకారం మేం కార్మికులం కాదు."

ఆయన నవ్వారు. "మా కంట్రాక్టరు కూడా నాకు ఇదే మాట చెప్పాడమ్మా."

ఆయన పరిహారం దరఖాస్తు కాలు చాపుకునే రాసిచ్చాను. నాది ఎవరికి రాయాలో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి.