నేల మీద లేని దుమ్ము

కరోనా పోయిన రెండో ఏడు, ఎండకాలం. గద్వాలల మా ఇంటి పక్క రేకుల షెడ్డుల జరిగిన ముచ్చట ఇది. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెప్తుంటె మా చెల్లె బిడ్డ రాస్తున్నది. ఇరవై ఆరేండ్లుగ కట్టెపనిల ఉన్న. మొదట మా ఆయన రంపం గుంజుతుంటె రెండో కొస పట్టుకున్న. తర్వాత కట్టెను చెక్కే రంధా పట్టిన. ఇప్పుడు శాండర్ నడిపిస్త. శాండర్ అంటె గరుకు కాగితం గిర్రున తిరిగే మిషన్, కట్టెను నున్నగ చేస్తది. వడ్లోళ్ల ఇంట్ల ఆడోళ్లకు పని రాదని ఎవరన్న అంటె ఒక్కసారి మా షెడ్డుకు రమ్మను.

మా పని సగం మగ్గాలది. పడుగు నడుమ అటు ఇటు దారం తీసుకపోయే నాడెలు చేస్తం, మగ్గం కాళ్లు విరిగితె కొత్తవి పెడ్తం. మిగిలిన సగం తలుపులు, చీరల దుకాణాలకు ర్యాకులు. ఈ ర్యాకులు ఇప్పుడు అందరు ఎండీఎఫ్‌తోనే అడుగుతరు. ఎండీఎఫ్ అంటె కట్టెను నూరి, జిగురు కలిపి ఒత్తిన పలక. టేకు కోస్తె పొట్టు పడ్తది. ఎండీఎఫ్ కోస్తె పిండి లేస్తది. ఆ తేడా నాకు చేతికి తెలుసు గని దాన్కి భయపడాలని అప్పుడు తెల్వదు.

మా ఆయన పోయి అప్పటికి మూడేండ్లు. కర్నూలు దవాఖానల డాక్టర్ ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు పట్టి, "ఏం పని చేస్తడమ్మ ఈయన?" అన్నడు. కట్టెపని అన్న. ఆయన ఫిల్ము మెల్లగ కిందికి దించిండు. ఆ దించుడుతోనే నాకు సమజైంది. మా ఆయన అప్పటికి నాలుగేండ్ల నుంచి దగ్గుతుండె. ఎట్ల దగ్గుతుండెనో చెప్త, ఎందుకంటె ఈ ముచ్చటంత ఆ దగ్గు మీదనే ఉన్నది. మిషన్ నడుస్తుంటె దగ్గకపోతుండె. మిషన్ ఆపి, చేతులు దులుపుకొని, బయటికొచ్చినంక రెండుసార్లు పొడిగ దగ్గుతుండె. గొంతు సవరించుకొని, ఎవరు అడగకున్న గూడ "ఏం లేదు, ఏం లేదు" అంటుండె.

ఆ ఎండకాలం ఒకరోజు నేను వాకిట్ల బియ్యం ఏరుతున్న. నా కొడుకు శీను కట్టర్ మిషన్ ఆపి బయటికొచ్చిండు. చేతులు దులుపుకున్నడు. రెండుసార్లు దగ్గిండు.

"ఏం లేదమ్మా" అన్నడు.

నేను అడగనే లేదు. చేతుల ఉన్న చాట కింద పెట్టిన. ఇరవై ఏడేండ్ల పిల్లగాడు, మొన్న మొన్న పెండ్లయింది. వాని మొఖం దిక్కు చూస్తె వాని నాయిన మొఖమే కనవడ్డది.

వారం తిరగకముందె దుమ్ము గుంజే ఫ్యాను వెతుక్కుంట ఇద్దరం కొత్తకోట పోయినం. అక్కడ హైవే మీద పాత సామాన్ల దుకాణంల మూతబడ్డ రైసుమిల్లు బ్లోయర్ దొరికింది. బ్లోయర్ అంటె ఒక దిక్కు గాలి గుంజి ఇంకో దిక్కు నూకే పెద్ద ఫ్యాను. పైపుకు తిప్పలు పడలే. మా మరిది చేన్ల బోరు ఎండిపోతె పీకిన కేసింగ్ పైపు ఉండె. దాన్ని కోసి కట్టర్ కింద ఒక మూతి, శాండర్ కాడ ఒక మూతి పెట్టినం. బ్లోయర్ గుంజిన పొట్టంత గోడ అవతలికి, వీధి దిక్కు ఒక గుంతల పడేటట్టు చేసినం. పైన గోనెసంచి కప్పినం. ఆరోజు నాకు కడుపునిండ అన్నం పోయింది.

తెల్లారి పొద్దుగాల వీధిలకెల్లి కేక.

"ఈశ్వరమ్మా! ఓ ఈశ్వరమ్మా! బయటికి రా, నీ కొడుకు చేసిన జరీ జూడు!"

మా ఎదురింటి నర్సక్క. యాభై ఏండ్ల నుంచి మగ్గం మీద ఉన్న మనిషి. మా వీధిల పొద్దుగాల పడుగు పడ్తరు. పడుగంటె చీర పొడుగు దారాలు. వీధి పొడుగూత కట్టి, గంజి పెట్టి, ఎండ ముదరకముందె ఆరబెట్టి చుట్టుకుంటరు. తడి గంజి మీద ఏం పడితె అది అంటుకుంటది. పోయి చూస్తె పడుగంత కట్టె పొట్టు.

"ఏమో గాలి తిరిగిందక్కా..." అన్న.

"గాలి తిరిగిందా? నేను నేసేది చీర, నీ కొడుకు దీన్ని తలుపు చేస్తుండు! కట్టుకునేటామెకు ఓ గొళ్లెం గూడ పెట్టియ్యమను!"

వీధంత నవ్వింది. నాకు నవ్వు రాలే. ఇద్దరం మధ్యాహ్నం దాక కూసొని ఒక్కొక్క దారం తుడిచినం. నర్సక్క పెడసరంగ మాట్లాడ్తది గని మనసుల పెట్టుకోదు. "చెల్లె, నీ పొట్టు నీ ఇంట్లనే పెట్టుకో" అని చెప్పి పోయింది.

ఆ మాట నేను పట్టుకున్న. పొట్టు బయటికి పోవద్దు, మా షెడ్డులనే పట్టుకోవాలె. దాన్కి ఫిల్టర్ బ్యాగ్ కావాలె. ఫిల్టర్ బ్యాగ్ అంటె గాలిని వదిలి దుమ్మును ఆపే తిత్తి. ముందుగాల యూరియా సంచి కట్టినం. గాలి పోయే తొవ్వ లేక ఉబ్బి పటీల్మని పగిలింది. గాలి పోవాలంటె పల్చటి బట్ట కావాలని అనుకున్న. మా ఆయన పంచెలు నాలుగు పెట్టెల ఉండె, పల్చటి మల్లు పంచెలు. ఎవరికి ఇయ్యబుద్ధి గాక దాచిన. వాటినే కత్తిరించి, నిలువు సంచి లెక్క కుట్టి, బ్లోయర్‌ను షెడ్డు లోపలికి తిప్పి దాని మూతికి కట్టిన. కట్టేటప్పుడు, కొడుకును నువ్వే చూసుకోవాలె అని మనసుల చెప్పిన గూడ.

వీధికి పొట్టు పోవద్దని తలుపులు, కిటికీలు మూసినం.

షెడ్డు నేల అద్దం లెక్క అయ్యింది. అంతకుముందు రోజుకు మూడుసార్లు ఊడ్చేదాన్ని, ఇప్పుడు చీపురు పనే లేదు. వనపర్తి నుంచి వచ్చిన ఒక మేస్త్రి చూసి, "ఇది కట్టెపని షెడ్డా, పెండ్లి మంటపమా?" అన్నడు. శీను ముక్కుకు కట్టుకునే గుడ్డ గూడ తీసి పారేసిండు. నేనే తియ్యమన్న. "ఉడుకపోస్తుంది గద బిడ్డా, దుమ్మెక్కడుంది ఇగ" అన్న. ఆ మాట నా నోట్లకెల్లే వచ్చింది.

నాలుగు నెల్లు పోయినయి. దగ్గు తగ్గలే. మెట్టు ఎక్కితె ఆగుడు మొదలుపెట్టిండు. అన్నం ముందట కూసొని జరసేపు ఊపిరి తీసుకొని తింటుండు. రాత్రి వాని భార్య లేసి ఈపు రాస్తున్నట్టు చప్పుడు వస్తుండె. ఇది దుమ్ముతోని కాదు, దుమ్ము లేనే లేదు గద, తండ్రి రోగమే కొడుకుకు వచ్చింది అనుకున్న. ఎవరికి చెప్పలే. చెప్తె నిజమైతదని భయం.

దసరాకు ముందు ఒకరోజు మధ్యాహ్నం బువ్వ తీసుకొని షెడ్డుకు పోయిన. శీను మిషన్లన్ని ఆపి కాళ్లు కడుక్కోను బాయి కాడికి పోయిండు. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టిన. రేకుకు మేకు బొక్క ఉన్నది, దాంట్లకెల్లి ఎండ కర్ర లెక్క కిందికి దిగుతున్నది. ఆ ఎండల పొగ.

అంటుకుందనుకొని బువ్వ గిన్నె పారేసి నీళ్ల బకీట తెచ్చిన. మంట లేదు, వాసన లేదు. పొగ కదుల్తనే ఉన్నది. చెయ్యి పెట్టిన. చెయ్యి చుట్టు తిరిగింది. వేడి లేదు. అప్పుడు తెలిసింది, అది పొగ కాదు, పిండి. కిందికి పడ్తలేదు. బకీట పట్టుకొని నిలబడి చూస్తున్న. శీను కాళ్లు కడుక్కొని, ముఖం తుడుచుకొని వచ్చిండు. అప్పటిదాక అట్లనే ఉన్నది. నేల మీద మాత్రం చిటికెడు దుమ్ము లేదు.

"ఏందమ్మా, బకీట పట్టుకొని నిలబడ్డవ్?"

"నోరు మూసుకో. ఊపిరి గుంజకు. బయటికి నడువు."

వానికి నాకు పిచ్చి లేసిందనిపించింది. నాకు నిజంగనే లేసింది. తెల్లారి మూడు స్టీలు పల్లాలు కడిగి, తుడిచి, షెడ్డుల పెట్టిన. ఒకటి తలుపు కాడ, ఒకటి కట్టర్ కాడ, ఒకటి పంచెల తిత్తి కింద. ఒక గంట పని చేయించిన. తర్వాత ఒక్కొక్క పల్లెం మీద వేలు గీసిన. తలుపు కాడ సన్నటి గీత పడ్డది. కట్టర్ కాడ అంతకంటె జర ఎక్కువ. తిత్తి కింద పల్లెంల వేలు గీస్తె ముగ్గు గీసినట్టు పడ్డది. నేల రంగుల కలిసిపోయే పల్చటి పొర స్టీలు మీద కనవడ్డది.

దుమ్మును ఆపాల్సినదాని కిందనే అన్నిటికంటె ఎక్కువ దుమ్ము. నాకు సమజ్ కాలే. అప్పుడే నర్సక్క నాడె మూల అరిగిందని చేయించుకోను వచ్చింది. పల్లెం చూసింది, నన్ను చూసింది, తిత్తి కాడికి పోయి బట్టను రెండు వేళ్ల నడుమ పట్టి రుద్దింది.

"ఇదేం బట్ట, చెల్లె?"

"మా ఆయన పంచెలక్కా."

ఆమె వేళ్లకు అంటిన పిండిని చూసుకున్నది. తర్వాత మెల్లగ అన్నది. ఆమె మెల్లగ మాట్లాడంగ నేను అదే మొదటిసారి వినుడు.

"పసుపు దంచినంక మెత్తటిది కావాలంటె ఏం చేస్తం? పంచెల పోసి జల్లిస్తం. బరకది పైన ఉంటది, మెత్తటిది కిందికి దిగుతది. నువ్వు మోటారు పెట్టి రోజంత జల్లిస్తున్నవ్. మరి కిందికి దిగిన మెత్తటిది ఎవరు తింటుండ్రు?"

శీను కట్టర్ మీద పలక పెడ్తుండు. నేను ఉరికి మెయిన్ స్విచ్ కొట్టిన.

"అమ్మా, ఇంక రెండు ర్యాకులే ఉన్నయి, కానియ్యి!"

"నీ ర్యాకులు మన్నుల గలువ! బయటికి రా! రేపు కర్నూలు పోతున్నం, ఎక్స్‌రే తీయిస్త."

"నేను రాను."

"ఎందుకు రావ్?"

వాడు గడప మీద కూసున్నడు. "తీస్తె ఏదో ఒకటి చెప్తరమ్మా. తియ్యకుంటె ఏం ఉండదు" అన్నడు.

అప్పుడు తెలిసింది, ఆ నాలుగు నెల్లు నేనొక్కదాన్నే కాదు, వాడు గూడ అదే భయం మింగుకుంట తిరిగిండని. నర్సక్క వాని నెత్తి మీద చెయ్యి పెట్టి, "పో నాయినా. ఏం ఉందో తెల్వక మీ అమ్మ సగం చచ్చింది" అన్నది.

తెల్లారి ఇద్దరం బస్సెక్కి కర్నూలు పోయినం. దవాఖానల డాక్టర్ వేరే ఆయన, చిన్న వయసు. ఫిల్ము వెలుగుకు పెట్టంగనే నేను గోడ దిక్కు తిరిగిన. ఫిల్ము దించుతడేమో, ఆ చెయ్యి చూడలేను అనిపించింది.

"ఏమ్మా, ఇటు తిరుగు. మచ్చలేం లేవు. గాలి గొట్టాలు వాచినయి" అన్నడు. మిషన్ల గట్టిగ ఊదిపిచ్చి చూసిండు. ఊపిరి ఉండాల్సినంత లేదన్నడు. పీల్చే మందు రాసిచ్చిండు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకొని, "ఇంకో ఏడాది ఇదే దుమ్ముల ఉంటె, మచ్చలేం లేవన్న మాట మల్ల చెప్తననుకోవద్దు" అన్నడు.

రెండు వారాలు షెడ్డుకు తాళం వేసినం. ఆ రెండు వారాలల్ల చేసింది చెప్త. పని చేసుకునేటోళ్లకు ఇదే కావాలె. బ్లోయర్‌ను, తిత్తిని షెడ్డు బయట పెరటి దిక్కు పెట్టినం. లోపల పైపు మూతులే ఉన్నయి. పైపుల వంకరలు నాలుగు ఉండె, రెండు తీసేసినం. వంకర ఎక్కువైతె గాలికి జోరు ఉండదు. బ్లోయర్‌కు ముందు ఒక మూత ఉన్న డ్రమ్ము పెట్టినం, బరక పొట్టు దాంట్లనే పడిపోతది. తిత్తికి బట్ట నర్సక్క తెచ్చింది, దిట్టంగ నేసిన మందపు బట్ట. దాంట్ల ఎండీఎఫ్ పిండి పోసి, కింద నల్ల గుడ్డ పరిచి, అరగంట కొట్టి చూపించింది. నల్ల గుడ్డ నల్లగనే ఉన్నది. మందపు బట్టల గాలి మెల్లగ పోతది, అందుకే తిత్తిని మనిషి నిలువుకు రెండింతలు కుట్టినం. పొద్దుగాల వీధిల పడుగు చుట్టినంకనే మిషన్ పెడ్తం. మిషన్ ఆపినంక బ్లోయర్ ఇంకా పావుగంట నడవాలె. అప్పటిదాక లోపల మూతిగుడ్డ తియ్యొద్దు.

ఇప్పుడు గోపాల్‌పేట, కొత్తకోట దిక్కు నుంచి కట్టెపనోళ్లు వచ్చి చూసి పోతుంటరు. మోటారు ఎంత, పైపు ఎంత అని అడుగుతరు. అవన్ని శీను చెప్తడు. నేను ఒకటే చెప్త. నేను భయపడే తిత్తి కుట్టిన. నేల శుభ్రం కాంగనే నా భయం తగ్గింది, ఇగ చూసుడు ఆపేసిన. నా భయం తగ్గిందా అని చూసిన గని దుమ్ము తగ్గిందా అని చూడలే. మీరు మిషన్ ఆపి, తలుపు సందుల ఎండను చూడుండ్రి. నేలను చూడొద్దు.

ఆర్నెల్లకోసారి ఊదిపిచ్చనీకె కర్నూలు పోతం. పోయినసారి, ఊపిరి తగ్గలేదు గని పెరిగింది గూడ కొంచమే అన్నడు డాక్టర్. ఆ కొంచమే చాలు నాకు. శీను ఆ గొట్టం నోట్ల పెట్టుకుంటె అక్కడ పరీక్ష చేసే పిల్ల "ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా" అంటది. వాని మొఖం ఎర్రగ అయితది. పోయినసారి నా పక్కన బెంచీ మీద కూసున్నామె నా భుజం తట్టి, "అమ్మా, పరీక్ష నీకు కాదు" అన్నది. అప్పుడు చూసుకున్న. వానితోని పాటు నేను గూడ ఊదుతున్న.