కారు దిగినవాడి దిగులు

అమెరికాలో దిగిన తెలివితక్కువవాళ్లలో నాకు గట్టి పోటీ లేదని మొన్న శనివారం మళ్లీ రుజువైంది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మా మరదలికి డ్రైవింగ్ నేర్పిస్తూ పక్క సీట్లో కూర్చున్నాను. వెనక పోలీసు దీపాలు తిరగ్గానే ఆ పిల్ల నింపాదిగా కారు పక్కకు తీసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టింది. పోలీసు కారు మమ్మల్ని దాటి ఇంకెవరి కోసమో వెళ్లిపోయింది. "బావా, వెళ్లిపోయాడు గానీ, ఇంక ఆ దండం దించు" అంది మరదలు. చూసుకుంటే నిజంగానే నా చేతులు రెండూ జోడించి ఉన్నాయి.

ఆ దండం వయసు పదమూడేళ్లు. అప్పుడు మేం క్యారీ అనే పట్నానికి గంటన్నర దూరంలో, ఒకే సిగ్నలూ ఒకే కిరాణా కొట్టూ ఉన్న చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. విమానాలు గుద్ది జంట టవర్లు కూలి ఏడాది కాలేదు. కొట్లో జనం నన్ను చూసి అర అడుగు పక్కకు జరిగేవారు, ఆ భయానికి నేను రోజుకు రెండుసార్లు గడ్డం గీసుకునేవాణ్ని. ఆఫీసులో వారానికో కుర్చీ ఖాళీ అవుతోంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఇంట్లో మా ఆవిడకు ఏడో నెల.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఊరి పోలీసాయన నన్ను ఆపాడు. బెజవాడలో పదేళ్లు స్కూటరు నడిపినవాణ్ని నేను. అక్కడ పోలీసు విజిల్ వేస్తే బండికి స్టాండు వేసి, దిగి, కాగితాలు పట్టుకుని మనమే ఆయన దగ్గరకు వెళ్లాలి, సీటు మీద కూర్చుని మాట్లాడితే పొగరంటారు. ఆ మర్యాదే ఇక్కడా చేద్దామని కారు దిగి, లైసెన్సు కోసం కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, వినయంగా నవ్వుతూ ఆయన వైపు నడిచాను.

"సర్, స్టే ఇన్ ద కార్!" అని ఆయన పెట్టిన కేకకు చెట్ల మీది పక్షులు లేచిపోయాయి. ఆయన చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీద ఉంది. నా చేతులు వాటంతటవే పైకి లేచి, ఏం చేయాలో తోచక నెత్తి మీద జోడించుకున్నాయి. వెనక్కి వెళ్లి కూర్చున్నాక ఆయన ఏదో చెప్పాడు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. చివరికి ఒక కాగితం చేతిలో పెట్టి పంపాడు.

కోర్టుకు రమ్మన్నాడనే అనుకున్నాను. రోజుకు వెయ్యి లైన్ల కోడ్ చదివే మనిషిని ఆ నాలుగు లైన్లు చదవలేక, కాగితం మడిచి దేవుడి పటం వెనక దాచి, మా ఆవిడకు చెప్పకుండా నాలుగు నెలలు వణికాను. తలుపు చప్పుడైతే తీసుకెళ్లడానికి వచ్చారనుకునేవాణ్ని. ఆయన కాపు కాసే సిగ్నలు తప్పించుకోవడానికి మొక్కజొన్న చేల చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఒకసారి కొట్లో ఆయన కనబడితే పాల అర వెనక నక్కి, చల్లటి గాలికి తుమ్మి దొరికిపోయాను. ఆయన "బ్లెస్ యూ" అని వెళ్లిపోతే, అందులో కూడా ఏదో సెక్షను ఉందేమోనని నిద్ర పట్టలేదు. కారు అయితే ఆ రోజు ఎక్కాను గానీ, దిగులు మాత్రం దిగలేదు.

వినాయక చవితికి పటాలు తుడుస్తూ, చంకలో పసిపిల్లతో మా ఆవిడ ఆ కాగితం చదివింది. "ఏమండీ, వెనక లైటు కాలిపోయింది, మార్పించుకోండి అని రాశాడాయన. కోర్టూ లేదు, గీర్టూ లేదు. ఇంతకీ లైటు మార్పించారా?" మార్పించలేదు. నాలుగు నెలలూ చట్టానికి భయపడుతూ, నికార్సుగా ఆ తప్పే చేస్తూ తిరిగాను.

ఇప్పుడు వచ్చే పిల్లలు విమానం ఎక్కకముందే ఇవన్నీ వీడియోల్లో నేర్చుకుని వస్తున్నారు, వాళ్లకు ఆ వణుకు లేదు, ఉండకూడదు కూడా. కానీ ఊరంతటికీ ఒక్కడే పోలీసు, ఆయన పేరు మనకూ మన పేరు ఆయనకూ తెలిసిన కాలం కూడా వాళ్లకు లేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఆయనా నేనూ పలకరించుకునేంత దగ్గరయ్యాం, ఆ సాయంత్రం సంగతి మాత్రం ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

ఒక్కసారి తప్ప. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా, బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే వంతు నాకొచ్చింది. నారింజ రంగు చొక్కా తొడుక్కుని, 'స్టాప్' అని రాసిన ఎర్ర పలక ఎత్తి నిలబడితే వచ్చి ఆగింది ఆయన కారే. నన్ను చూసి నవ్వుతూ, పలకరిద్దామని తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు. నేను అరచెయ్యి చాచి, ఏడేళ్లుగా నాలో దాచుకున్న ఆ కేకను ఆయన గొంతుతోనే ఆయనకు తిరిగి ఇచ్చేశాను. "సర్! స్టే ఇన్ ద కార్!"

ఆయన కాలు లోపలికి తీసుకుని, తలుపు వేసుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. పిల్లలందరూ దాటేశారు, రోడ్డు ఖాళీ అయింది. నేను పలక మాత్రం ఇంకో అర నిమిషం దించలేదు.