మధ్యలో పడిన బంతి

చిగుసా ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా వంగుతుంది. ఒసాకా నుంచి రాకెట్ల తీగలు పంపే టోకు వ్యాపారి "ఈ నెల సరుకు ఓ వారం ఆలస్యమండీ" అంటే, ఇవతల తన ఆటసామాన్ల కొట్లో ఒంటరిగా నిలబడి "హై, హై" అంటూ గోడమీది క్యాలెండరుకు రెండుసార్లు నడుం వంచుతుంది. క్యాలెండరు ఇంతవరకూ ప్రతినమస్కారం చేయలేదు. ఆమె ఆ సంగతి మనసులో పెట్టుకోలేదు.

ఈ 'హై' అన్న మాట మా జపానులో మహోపకారి. అవును, చిత్తం, వింటున్నాను, వినపడలేదు గానీ కానివ్వండి, నేనొస్తున్నాను, మీరు పదండి, అన్నిటికీ అదొక్కటే. అందులో ఏ అర్థం తీసుకోవాలో తేల్చుకోవలసిన బాధ్యత విన్నవాడిది. మామూలు రోజుల్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం జరిగింది ఒక్కసారే, ఇరవైమూడేళ్ల కిందట, ఆసియా క్రీడల్లో, సాఫ్ట్ టెన్నిసు మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్లో.

మా టెన్నిసు బంతి మెత్తటి రబ్బరుది. దానికి బొడ్డు ఉంటుంది. బొడ్డులో సూది గుచ్చి గాలి ఎక్కించాలి. మర్నాటికి కాస్త దిగుతుంది, మళ్ళీ ఎక్కించాలి. చిగుసా జీవితంలో ఉదయాలన్నీ ఈ బొడ్డుల సేవలోనే గడిచాయి. నేలకు తగిలినప్పుడు ఈ బంతి టప్పుమనదు. పెద్దల ముందు గొంతు సవరించుకున్నట్టు 'పొక్' అంటుంది. అంత చిన్న చప్పుడు మనిషిని ఇన్నేళ్లు వెంటాడుతుందని ఎవరనుకుంటారు!

ఆ ఫైనల్ నాటికి చిగుసాకు ఇరవైనాలుగేళ్లు. నెట్టు దగ్గర ఆడేది ఆమె, వెనక కాసేది తొకుమరు. కమలా రైతుల సహకార సంఘంలో గుమాస్తా, ఇరవైతొమ్మిదేళ్లవాడు. వినయానికి పెట్టింది పేరు. "తొకుమరుని చూసి నేర్చుకోండి. నేనేం చెప్పినా హై అంటాడు, ఎదురుచెప్పడు" అని జట్టు గురువుగారు మిగిలినవాళ్లను దెప్పేవారు. ఒకసారి బస్సులో ఎవరో "టైమెంతయింది తొకుమరు సాన్?" అని మర్యాదగా అడిగితే కూడా అతను మహా శ్రద్ధగా "హై" అన్నాడు. బస్సంతా నవ్వింది. అతనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా. పాపం అమాయకుడు అని సర్దుకున్నారు.

ఫైనల్లో ఎదురుగా కొరియా జంట. ఆఖరి గేము, డ్యూసు దాటింది, వాళ్లకు ఒక్క పాయింటు చాలు. బంతి నెట్టు మీంచి కోర్టు నడిమధ్యగా, నడుమెత్తున వచ్చింది. చిగుసా కొట్టవచ్చు, వదిలితే వెనక తొకుమరు కొట్టవచ్చు. "హై!" అని వెనకనుంచి తొకుమరు కేక. అంటే, నాది. "హై!" అంది చిగుసా. అంటే, అలాగే, మీరే కానివ్వండి.

పొక్.

కాసేపటికి మళ్ళీ, పొక్.

ఆ రెండో పొక్‌తో బంగారు పతకం పోయింది. ఆమె వెనక్కి తిరిగేసరికి తొకుమరు రాకెట్టు దించుకుని ఆమెనే చూస్తున్నాడు. ఇలా ఇద్దరూ ఒకరికొకరు వదిలేసిన బంతిని మా ఆటలో 'పెళ్లిచూపులు' అంటారు. ఎదురెదురుగా చూసుకుంటారు, ఏదీ తేల్చరు గనక. మర్నాడు పత్రికల్లో శీర్షిక వేరే వెతుక్కోవలసిన పని లేకపోయింది. విలేఖరుల ముందు ఇద్దరూ "తప్పు పూర్తిగా నాదే" అని ఒకరిని మించి ఒకరు వంగారు. ఆ ఒక్క విద్యలో ఆ జంటకు ఆసియాలో సాటి లేదని అందరూ ఒప్పుకున్నారు. వెండి పతకం ఇప్పటికీ చిగుసా కొట్లో, గాలి సూదులు పెట్టుకునే సొరుగులో ఉంది.

తర్వాత తొకుమరు ఫుసాయే అనే అమ్మాయిని చేసుకున్నాడు. చిగుసాకు పెళ్లి కాలేదు. "ఏం, ఆవిడకి చూపులయ్యాయిగా!" అని ఊరు చాలాకాలం నవ్వుకుంది. ఊరు చిన్నది, రేవు పక్కన నాలుగు వీధులు. వారానికి రెండుసార్లయినా ఇద్దరూ చేపవడల అంగడి దగ్గర ఎదురయ్యేవారు. వాన గురించి, కమలాల ధర గురించి మాట్లాడుకునేవారు. ఆమె అడగవలసింది ఒకే ఒక ప్రశ్న: నా 'హై' మీకు ఎలా వినపడింది? నాది అన్నట్టా, మీదే అన్నట్టా? రాత్రి ఆ చప్పుడు వినపడి మెలకువ వచ్చినప్పుడల్లా రేపు అడుగుదామనుకునేది. ఆ రేపు ఇరవైరెండు సంవత్సరాలు సాగింది. అంతలో తొకుమరు తోటలో కాయలు కోస్తూ కోస్తూ, గుండె ఆగి, నిచ్చెన కింద పోయాడు.

నలభైతొమ్మిదో రోజున ఆత్మ ఈ లోకం వదిలి వెళ్తుందని మా పెద్దల లెక్క. తొకుమరు విషయంలో ఏ పొరపాటు జరిగిందో గానీ, సరిగ్గా ఆ కర్మ ముగిసిన వారానికే మొదలైంది. ఊరి కోర్టులో చిగుసా ఆడుతోంది. మధ్య బంతి వచ్చింది. వెనకనుంచి, ఎడమ భుజం పక్కన, "హై!" అని తొకుమరు గొంతు. ఆమె వదిలేసింది. పొక్. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. ఆనాటినుంచి మధ్య బంతి వచ్చినప్పుడల్లా అదే తంతు. కేకవేయడమే తప్ప కొట్టడం చేతకాని దయ్యం అది.

ఇప్పుడు ఆమెకు జోడీగా ఆడేది పళ్ల డాక్టరు కజితానీ. మే నెలలో మా జిల్లాలో నడివయసు దాటినవాళ్లకని దేశదేశాల క్రీడోత్సవం పెట్టారు. ఈత, విలువిద్య, బల్లబంతి, పరుగు, వాటి మధ్య ఓ మూల మా మిక్స్‌డ్ డబుల్స్. దానికోసం సాధన చేస్తున్నారు. మొదట్లో బంతి వదిలినప్పుడల్లా చిగుసా 'హై అన్నారుగా' అని అతనికేసి తిరిగేది.

"చిగుసా సాన్, నా నోరు మూసే ఉంది, చూసుకోండి" అన్నాడు కజితానీ ఒకరోజు. "నోళ్ల సంగతి నాకు తెలుసు. హై అన్నది నేను కాదు."

"తెలుసండీ."

"మరి ఎవరికోసం వదిలారు?"

"కాకి అరిచినట్టుంది."

"మా కాకులు కా అంటాయి. హై అనే కాకి దొరికితే చెప్పండి, నా దగ్గర గుమాస్తాగా పెట్టుకుంటాను." కజితానీ నవ్వి, నవ్వు ఆపాడు. "ఇదిగో, ఒక మాట అనుకుందాం. ఇకమీదట మధ్య బంతులన్నీ మీవే. నేను ముట్టుకోను, నోరెత్తను. ఉత్సవంలో గనక మళ్ళీ వదిలేశారా, క్షమించాలి, నేను వేరే జోడీ చూసుకుంటా. యాభైమూడొచ్చాయి నాకు. మోకాళ్లలో పనిచేసేది ఒకటే."

అతని కోరికలో అన్యాయమేమీ లేదు. పదకొండో ఏటినుంచి ఆడుతున్న మనిషికి కోర్టు పోతే ఇక మిగిలేది ఆ బంతుల బొడ్డులే. దయ్యం పట్టిన ఆటగత్తెతో జోడీ కట్టడానికి ఊళ్లో మరొక మగవాడు లేడు. ఆ గొంతును ఎలాగైనా వదిలించుకోవాలి, వదిలించుకోవాలంటే ఆ బంతి ఎవరిదో తెలియాలి. ఉత్సవానికి వారం ముందు, తొకుమరు సంవత్సరీకం నాడు, చిగుసా ఒక పెట్టె తీపి బిళ్లలు పట్టుకుని ఫుసాయే ఇంటికి వెళ్లింది.

తోటంతా కమలాపూల వాసన. పూజామందిరంలో తొకుమరు ఫోటో, అగరొత్తి, చిన్న గిన్నెలో అన్నం, దాని పక్కన తెల్లగా, ఒకవైపు సొట్టపడి, ఒక బంతి.

"ఆనాటిదే" అంది ఫుసాయే టీ పోస్తూ. "అంపైర్ని అడిగి తెచ్చుకున్నారట. నెలకోసారి కూర్చుని గాలెక్కించేవారు. ఆయన పోయాక నేను ముట్టుకోలేదు. లోపల ఉన్న ఆ కాస్త గాలీ ఆయనదేగా."

చిగుసా చెయ్యి అలవాటు ప్రకారం సంచీలోని పంపు మీదికి పోయింది. వెంటనే, కాలినట్టు, వెనక్కి వచ్చింది.

"ఫుసాయే సాన్, ఆ బంతి గురించి ఆయన ఎప్పుడైనా ఏమైనా అన్నారా? ఆ రోజు నేను హై అన్నాను. అది ఆయనకి ఎలా వినపడిందో..."

"వినపడ్డమా?" ఫుసాయే టీపాత్ర కింద పెట్టింది. "అయ్యో, మీకు తెలీదా? ఆయనకి వినపడేది కాదండీ! చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ చెవి మొత్తం పోయింది, కుడిది సగం. జనం గోల చేస్తే ఆ సగమూ లేదు. మా పెళ్లిచూపుల్లో మా నాన్న 'జీతమెంత బాబూ' అంటే హై అన్నారు. నాన్న మురిసిపోయాడు, మర్యాదస్తుడని. నేను అప్పుడే పట్టేశా."

"మూడేళ్లు ఆడాం మేము" అంది చిగుసా. "వెనక్కి చూడకుండా ఎన్ని కేకలు వేశానో..."

"ఒక్కటీ వినలేదు. తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని దాచారు. మీ వీపు చూస్తే చాలుట. భుజం దిగితే ఇటు, మడమ లేస్తే అటు. నా మొహం కన్నా మీ వీపే బాగా తెలుసు మా ఆయనకి." ఆ మాటలో చిన్న ముల్లు ఉంది, కానీ పాతబడి మొద్దుబారిన ముల్లు. "ఆ రోజు ఆయన నాది అని అరిచారట. మీరేమో వంగారట. బంతికోసమే వంగారనుకుని ఆగిపోయారు. కాదా మరి?"

చిగుసా ఒళ్లో చేతుల కేసి చూసుకుంది. హై అంది. అన్నప్పుడు వంగింది. ఫోనుకు వంగినట్టు, క్యాలెండరుకు వంగినట్టు, వెనకనున్న మనిషికి, తను ముందువైపే చూస్తూ, మర్యాదగా, ఇంతే ఇంత వంగింది.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు క్షమాపణ చెప్పుకోడానికి మళ్ళీ వంగుతారని."

"హై" అంది చిగుసా, వంగి.

ఇద్దరూ ఒక్కక్షణం ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఫుసాయేనే. నవ్వి నవ్వి కొంగులేని మనిషి గనక ముంజేత్తోనే కళ్లు తుడుచుకుంది. చిగుసాకు నవ్వు రాలేదు. ఇంటిదాకా నిటారుగా నడిచి వెళ్లింది. దారిలో పలకరించినవాళ్లకు తల కూడా వంచకపోయేసరికి, పాపం ఈవిడకేదో నడుంనొప్పి అనుకున్నారు. వీపు మీద ఎవరివో చూపులు ఆనుతున్నట్టే ఉంది. ఇన్నేళ్లుగా ఆనుతూనే ఉన్నాయేమో, ఆమెకు తెలిసింది ఇవాళ.

ఉత్సవంలో క్వార్టర్ ఫైనల్. ఎదురుగా తైవాన్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇద్దరూ నవ్వుముఖాలవాళ్లు, ఇద్దరూ నిర్దయగా కొట్టేవాళ్లు. ఆఖరి గేముదాకా మధ్య బంతులు నాలుగు వచ్చాయి. నాలుగుసార్లూ వెనక "హై!" అని వినపడింది. నాలుగుసార్లూ చిగుసా పళ్లు బిగించి, ఆ కేక మీదుగా కొట్టింది. నాలుగు పాయింట్లూ వచ్చాయి. కజితానీ ఆనందం పట్టలేక ఒంటికాలిమీద గెంతాడు, అది ఎలాగూ అతనికి అలవాటే. కొట్టిన ప్రతిసారీ వెనక ఒక నిశ్శబ్దం మాత్రం మిగిలింది. చెయ్యి చాచి అడిగిన మనిషి ఆ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నట్టు.

ఆఖరి గేము, డ్యూసు దాటింది. వాళ్లకు ఒక్క పాయింటు చాలు. తైవాన్ ఆవిడ కొట్టిన బంతి నెట్టు మీంచి నడిమధ్యగా, నడుమెత్తున వచ్చింది.

"హై!"

చిగుసా జవాబు చెప్పలేదు. రాకెట్టు దించి, మడమలు నేలకు ఆనించి, మెడనుంచి నడుందాకా గుంజలా నిటారుగా నిలబడింది. ఎంత చెవిటివాడికైనా అర్థమయ్యేలా.

బంతి ఆమె పక్కనుంచి వెళ్లింది. వెనక బూట్లు కోర్టు ఇసుక మీద కరకరమన్నాయి. ఒకటి, రెండు, మూడు అంగలు, ఎవరో ప్రాణంపెట్టి పరిగెత్తుకొచ్చినట్టు. పొక్ అని ఒక్కసారే వినపడింది. రెండో చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించింది. రాలేదు.

"గేమ్ సెట్" అన్నాడు అంపైర్. ఆట తైవాన్ వాళ్లది.

కజితానీ ఎడమగీత పక్కన, అనుకున్న మాట ప్రకారం నోరు మూసుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు. అతని బూట్ల కింద ఇసుక కూడా చెదరలేదు.

"మళ్ళీ పెళ్లిచూపులేనా, చిగుసా సాన్?" అన్నాడు చివరికి, కోపం కన్నా అలసట ఎక్కువగా.

"కాదండీ. ఈసారి కుదిరింది."

అతను మోకాలు రుద్దుకున్నాడు. "మనం ఒక మాట అనుకున్నాం, గుర్తుందిగా?"

"హై" అంది చిగుసా, వంగకుండా. అందులో ఏ అర్థం తీసుకోవాలో తేల్చుకునే బాధ్యత అతనిది. జూన్‌లో అతను మందులషాపు ఆవిడతో జోడీ కట్టాడు. అతని రాకెట్టుకు కొత్త తీగలు బిగించి ఇచ్చింది మాత్రం చిగుసాయే.

ఆట ముగిశాక నెట్టుకు అటూ ఇటూ వరుసగా నిలబడి వంగి సెలవు తీసుకోవడం మా ఆచారం. ఆ రోజూ తైవాన్ దంపతులు వంగారు. కజితానీ వంగాడు. అంపైర్ వంగి, లేచి, ఇంకా నిటారుగా నిలబడి ఉన్న చిగుసా కేసి అనుమానంగా చూశాడు. ఆమె ఆగింది. కోర్టు వెనక గీత దగ్గర మొదలైన అడుగుల చప్పుడు, తొందర లేకుండా, నడిచి వచ్చి ఆమె ఎడమ పక్కన ఆగేదాకా ఆగింది.

అప్పుడు వంగింది. పక్కన ఎవరో కూడా వంగారు. ఎవరు ముందు లేస్తారా అని ఇద్దరూ చాలాసేపు చూశారు.